చొక్కాల కాపలా

మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు ఉండవని నాకు యాభై ఆరో ఏట తెలిసింది. బొత్తిగా ఉండవని కాదు, జానా బెత్తెడు ఉంటాయట. నేను నమ్మలేదు. ఇక్కడ, మేం స్థిరపడ్డ పరాయి దేశంలో, పొద్దున్నే ఈస్ట్ కోస్ట్‌కి నడకకి వెళ్తే నీళ్లు ఎక్కడో దూరంగా ఉండి, తడి ఇసుకలో కొంగలు తిరుగుతుంటాయి. సాయంత్రం వెళ్తే అదే సముద్రం గట్టు రాళ్లని కొడుతూ ఉంటుంది. అక్కడ మాత్రం పొద్దున కట్టిన పడవ సాయంత్రానికీ అదే ఎత్తున ఉంటుందంటే, మరి వాళ్లకి చంద్రుడు లేడా? రెండు రోజులు ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను. ఆ సముద్రానికి మహాసముద్రం వైపున్న వాకిలి మరీ ఇరుకనీ, పోటు నీళ్లు లోపలికి రావడం మొదలెట్టేలోపే వెనక్కి మళ్లే వేళ అవుతుందనీ తేలాక గానీ నాకు అన్నం సయించలేదు.

నా బుద్ధే అంత. పాతికేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఎవరో కష్టపడి కట్టినదాన్ని ఎక్కడ తంతే కూలుతుందో వెతకడమే ఉద్యోగం. కిందటేడు మానేశాక ఇంట్లో పరీక్షించడానికి మా ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. ఆయన్ని ముప్పై ఏళ్లుగా పరీక్షిస్తూనే ఉన్నాను కనుక కొత్త తప్పులేమీ దొరకడం లేదు. సరిగ్గా అలాంటి సమయంలో మా అమ్మాయి ఈ పడవ సంగతి తెచ్చి నా ఒళ్లో పడేసింది.

మా అమ్మాయికి ఇరవై ఏడేళ్లు. వారమంతా బ్యాంకులో పని, శని ఆదివారాలు చాంగి వైపు సముద్రంలో తెరచాప పడవలు. మూడేళ్లు ఎండలో మాడి, పరీక్షలు రాసి, చివరికి పడవని సొంతంగా నడుపుకునే లైసెన్సు తెచ్చుకుంది. తెచ్చుకున్న వారానికి మా టాంపినీస్ ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీద పెద్ద సముద్రపు పటం పరిచింది. మూలలు పైకి లేవకుండా ఒక వైపు ఆవకాయ సీసా, ఒక వైపు ఉప్పు డబ్బా పెట్టింది.

"సెప్టెంబర్‌లో టూ వీక్స్ లీవ్ పెట్టా. గ్రీస్. మనం ముగ్గురమే. బోట్ రెంట్‌కి తీసుకుంటాం, నేనే స్కిప్పర్" అంది.

అప్పటిదాకా మా సెలవులంటే గొడుగు పట్టుకుని గైడు ముందు నడుస్తుంటే వెనక నడవడం. ఇందులో గైడూ లేడు, డ్రైవరూ లేడు. పద్నాలుగు రోజులు పడవలోనే వంట, పడవలోనే పడక, రోజుకో దీవి. ఏ రోజు ఏ దీవి అన్నది మనం అనుకుంటే చాలదు, గాలి కూడా ఒప్పుకోవాలి. నాకు ఒళ్లు పులకరించింది. వద్దనడానికి ఒక్క కారణమూ తట్టలేదు. ఒకే ఒక్కటి ఉంది గానీ, అది అప్పటికి గుర్తు రాలేదు.

మా ఆయనది అనంతపురం వైపు. కళ్లజోడు పైకి తోసుకుని పటం వంక కాసేపు చూశారు. "మా ఊర్లో తాగేదానికే నీళ్లు ల్యాకపాయ, ఈదేదానికి యాడుంటాయి? నేను ఒక మూల కూసుంటా. నాకేం పని చెప్పొద్దండి" అన్నారు. తనకి ఈత రాదని ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. రాకపోవడం తన తప్పు కాదు, వానల తప్పు అన్నట్టు చెప్తారు.

"నీకేం పని లేదు నాన్నా. అమ్మ ఉంది కదా" అంది అమ్మాయి.

అప్పుడు గుర్తొచ్చింది.

కానీ గుర్తొచ్చినదాన్ని నేను పక్కకి తోసేశాను. తోసేయడానికి చేతినిండా పని ఉంది. ఆ దీవుల మధ్య పొద్దుటిపూట గాలి ఉండదట. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వాయవ్యం నుంచి మొదలై, పొద్దుగూకేసరికి తగ్గిపోతుందట. ఇంత క్రమశిక్షణగా వచ్చి పోయే గాలిని నేను ఎక్కడా చూడలేదు. దానికి మాయిస్త్రో అని పేరు కూడా ఉంది. గాలికి పేరు పెట్టుకున్న మనుషులంటే నాకు చెప్పలేని గౌరవం కలిగింది. లంగరు వేసిన చోట కరెంటు ఉండదు కనుక రైస్ కుక్కర్ పనికిరాదు. పడవలో మంచినీళ్లు వారానికి ఇన్నని కొలిచి వాడుకోవాలి. అందుకని ఒక రోజంతా మా వంటింట్లో పప్పు కడగడానికెన్ని, బియ్యం కడగడానికెన్ని, గిన్నెలకెన్ని అని సీసాలతో కొలిచాను. మా ముగ్గురి సాంబారు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుందో తెలిసి నాకే సిగ్గేసింది.

అక్కడ అద్దె పడవలన్నీ శనివారం సాయంత్రమే ఇస్తారు. శనివారం తూర్పుకి వారశూల. నాకు ఆ పట్టింపులు లేవు అంటూనే పటంలో చూశాను. మొదటి మజిలీ అనుకున్న దీవి కచ్చితంగా తూర్పునే ఉంది. ఆ సంగతి మా ఆయనతో అంటే, "ఆదివారం పొద్దున్నే లేసి పోదాంలే. శనివారం ఎట్లా గాలుండదు కదా సాయంత్రానికి" అన్నారు. గాలీ పంచాంగమూ కలిసొచ్చిన సందర్భం అదొక్కటే.

ఇలా నెల రోజులు హాయిగా గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మాయి బల్ల మీద పెద్ద గరిటె పెట్టింది. అది పడవ. పక్కన ఒక మిరియం గింజ వేసింది. అది నీళ్లలో పడ్డ మనిషి.

"చూడండి. ఎవరైనా పడిపోతే పడవ వెంటనే ఆగదు. తిరిగి రావాలి. ఒకరు నడపాలి. ఒకరు రోప్ రెడీ చేయాలి. ఒకరు ఏం చేయకూడదు, జస్ట్ ఆ మనిషిని చూస్తూ, చెయ్యి చాపి చూపిస్తూ ఉండాలి. కన్ను తీయకూడదు. అది నాన్న పని."

"ఏలు చూపిచ్చేదానికి డిగ్రీ ఏమన్నా కావల్నా?" అన్నారు ఆయన.

"వద్దు లా. అందుకే నీకిచ్చా" అని ఇక్కడి వాళ్ల 'లా' తగిలించి నవ్వి, అది నా వైపు తిరిగింది. "ఒకవేళ పడింది నేనే అయితే, అమ్మా, అప్పుడు నువ్వు స్కిప్పర్. నేను స్పృహ తప్పితే, తాడు కట్టుకుని దూకి నన్ను పట్టుకోవాల్సింది కూడా నువ్వే. నీకు ఈతొచ్చు కదా, అందుకే నాకు ధైర్యం."

తర్వాత ఇంకోటి చెప్పింది. ఆ దీవుల్లో చాలా చోట్ల రేవు కట్ట ఉండదు. ముందువైపు లోతులో లంగరు వేసి, పడవని వెనక్కి ఒడ్డు దాకా జరిపి, తాడుతో ఒడ్డున రాతికో చెట్టుకో కట్టాలి. ఆ తాడు కొస పట్టుకుని ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి, ఈదుకుంటూ వెళ్లి, రాయెక్కి ముడి వేయాలి.

"అది కూడా అమ్మే" అంది. ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. పడవ అద్దెకిచ్చే వాళ్ల ఫారం. నాన్న పేరు పక్కన, ఈత రాదు. నా పేరు పక్కన, చాలా బాగా వచ్చు.

నాకు ఈత రాదు. ఒక్క బార కూడా రాదు.

దానికి ఏడేళ్లప్పుడు టాంపినీస్‌లో పిల్లల ఈత క్లాసులో చేర్చాం. మొదటి రోజు మెట్ల దగ్గర ఇనుప కమ్మీ పట్టుకుని గుక్కపట్టి ఏడ్చింది. కోచ్ విసుక్కుంటున్నాడు, మిగతా తల్లులు చూస్తున్నారు. నేను గట్టు మీద గొంతుక్కూర్చుని దాని చెవిలో చెప్పాను. నీ అంత ఉన్నప్పుడు నేను మా ఊరి కాలవ ఈదాను తెలుసా అన్నాను. నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని నేర్చుకున్నానన్నాను. లాకుల దగ్గర గట్టు మీంచి దూకి, ఆవలి ఒడ్డున జామతోట దాకా ఈదేదాన్నన్నాను. ఏడుపు ఆగింది.

"భయం వేయలేదా అమ్మా?"

"వేసింది. నీళ్ల వంక చూడలేదు. అవతలి గట్టు మీద జామచెట్టు వంకే చూస్తూ ఈదాను."

అది అవతలి చివర లైఫ్‌గార్డు కూర్చునే ఎత్తు కుర్చీ వంక చూసింది. కమ్మీ వదిలేసింది.

ఆ కాలవ నిజం. సొరబుర్రలు నిజం, లాకులు నిజం, జామతోట నిజం. ఈదింది మాత్రం మా అన్నయ్య. మా పశ్చిమగోదావరి పల్లెలో ఆడపిల్లలం రేవు మెట్ల మీద మోకాలి లోతు దాటి దిగితే వీపు చిట్లిపోయేది. ఆ రోజు నా బిడ్డ ఏడుపు ఆగడానికి అన్నయ్య కథ అరువు తెచ్చుకున్నాను. ఆగాక తిరిగి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. పైగా దానికి పరీక్షలొచ్చినప్పుడల్లా, కొత్త స్కూల్లో చేరినప్పుడల్లా, దిగులు పడ్డప్పుడల్లా కాలవ కొంచెం వెడల్పు చేస్తూ పోయాను. గోరంత కాలవ కొండంత గోదారి అయింది. ఇరవై ఏళ్లలో నేను ఈదడం అది ఒక్కసారీ చూడలేదు కదా, అనుమానం రాలేదా అంటే, రాలేదు. మన తల్లులు ఈత దుస్తులు వేసుకుని పదిమందిలోకి రారని దానికి తెలుసు. చీర కట్టుకుని చెప్పినంత కాలం నా ఈతకి తిరుగు లేదు.

ఇప్పుడు ఆ అబద్ధం ఫారం ఎక్కింది. అది కేవలం కాగితమైతే నేనూ ఊరుకునేదాన్నేమో. కానీ నడిసముద్రంలో నా బిడ్డ నీళ్లలో పడితే, పడవ మీద ఈత రాని ఇద్దరు ముసలివాళ్లు మిగులుతారు. అందులో ఒకరికి వచ్చని నమ్మి అది సముద్రంలోకి బయల్దేరుతోంది. ఒకరు కట్టినదాన్ని ఎక్కడ తంతే కూలుతుందో పాతికేళ్లు వెతికినదాన్ని, ఈ ప్లానులో కూలే చోటు నేనేనని తెలిసి నోరు మెదపలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

"అమ్మా, ఈ సండే పూల్‌కి వెళ్దామా? రోప్‌తో ప్రాక్టీస్ చేద్దాం" అని అది మొదటిసారి అడిగినప్పుడు జలుబన్నాను. రెండోసారి జుట్టుకి రంగు వేసుకున్నానన్నాను. మూడోసారి భుజం నొప్పన్నాను. "తాడు పట్టే భుజమా, ఇంకో భుజమా?" అని అడిగింది పాపం, నిజంగా ఆందోళనతోనే. ఏ భుజమో నాకే గుర్తులేదు.

నేర్చుకుందామనీ చూశాను. ఒక మంగళవారం పొద్దున్న, అది ఆఫీసుకి పోగానే, మోకాళ్ల దాకా పొడుగున్న ఈత దుస్తులు కొనుక్కుని టోవా పాయో పూల్‌కి వెళ్లాను. టాంపినీస్‌లో అయితే ఎవరైనా చూస్తారని భయం. ఈత నేర్చుకునే కొలనులో నడుము లోతున నిలబడ్డాను. పక్కన నాకంటే పెద్దావిడలు నలుగురు పాటలు పెట్టుకుని నీళ్లలో కసరత్తు చేస్తున్నారు. నేను ముఖం నీళ్లలో పెట్టడానికి గంటసేపు ప్రయత్నించాను. ముక్కు దాకా వెళ్లేది, వెనక్కి వచ్చేది. నాలుగు మంగళవారాలు వెళ్లాను. నాలుగోసారి చెవులు మునిగాయి. సెప్టెంబరుకి ఇంక రెండు నెలలే ఉన్నాయి. గట్టు మీద కూర్చుని ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు, దిగితే గానీ లోతు తెలియదని మా నాయనమ్మ అనేది.

ఆ ఆదివారం అది అడగలేదు. తాడు భుజానికి వేసుకుని, తువ్వాలు నా చేతిలో పెట్టి, "పద" అంది. టాంపినీస్ పూల్ దగ్గర, సరిగ్గా ఇరవై ఏళ్ల కింద అది కమ్మీ పట్టుకుని ఏడ్చిన చోటే, తాడు కొస నా చేతికిచ్చింది.

నేను తాడు కింద పెట్టాను. "నాకు ఈత రాదే" అన్నాను.

నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపింది.

"కాలవ?"

"అది మీ మావయ్య."

"సొరకాయలు?"

"మావయ్యవే."

"జామచెట్టు?"

"అంతా మావయ్యదేనే. నేను రేవు మెట్లు దాటలేదు."

అది తిట్టి ఉంటే బాగుండేది. నీళ్లలోకి దిగి, ఆ చివరకీ ఈ చివరకీ ఈదడం మొదలెట్టింది. నేను గట్టు మీద ఒళ్లో తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాను. ఇరవై రెండు. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. బయటకి వచ్చి, తల తుడుచుకుంటూ, ఇంగ్లీషులో మాట్లాడింది. కోపం వచ్చినప్పుడు దానికి తెలుగు రాదు.

"ఐ రోట్ ఇట్ ఇన్ ద ఫారం, అమ్మా. ఐయామ్ టేకింగ్ నాన్న అవుట్ దేర్ ఆన్ దట్." తర్వాత తెలుగులో అంది. "భయమేసినప్పుడల్లా నేను నిన్నే అనుకునేదాన్ని. నువ్వు నీళ్లలో ఉన్నట్టు."

ఇంటి దాకా బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని కిటికీలోంచి చూశాం. నాకు ఏడుపొచ్చింది. అది చూడకుండా ఏడ్చాను.

ఆ వారమంతా ఇంట్లో పటం చుట్టి బీరువా పక్కన నిలబెట్టి ఉంది. మా ఆయనకి చెప్పాను. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఆయనకీ తెలియదు. "ఓసి నీ అబద్ధం బంగారం గానూ! నా కరువు కథే మేలు గదే" అన్నారు. తర్వాత నా ముఖం చూసి, కాఫీ కలిపి తెచ్చారు. చక్కెర వేయడం మర్చిపోయారు. తాగేశాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే అమ్మాయి నన్ను తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లింది. ఇక్కడి అలవాటు ప్రకారం మా చోటని గుర్తుగా టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల పట్టింది, రెండు కాఫీలు, ఒక ప్లేటు పరాటా తెచ్చింది. చాలాసేపు పరాటా తుంచింది గానీ తినలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న విని ఇది నా కూతురే అనిపించింది. నేనైనా అదే అడిగేదాన్ని.

"మరి మావయ్య ఈదుతున్నప్పుడు నువ్వేం చేస్తూ ఉండేదానివి?"

"చొక్కాలకి కాపలా కాసేదాన్ని."

"వాట్?"

చెప్పాను. మగపిల్లలు చొక్కాలు విప్పి రేవు మెట్ల మీద పడేసి దూకేవాళ్లు. గట్టు మీద మేకలు తిరిగేవి, అజమాయిషీ లేకపోతే చొక్కాలు నమిలేసేవి. అందుకని నన్ను కూర్చోబెట్టేవాళ్లు. అవతలి ఒడ్డు నుంచి తెచ్చిన కాయల్లో ఒక జామకాయ నా జీతం. ఊరికే కూర్చుంటే తోచదు కదా, లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. మెట్ల మీద ఎనిమిది చొక్కాలు, నీళ్లలో ఎనిమిది తలలు. ఒక తల మునిగితే మళ్లీ లేచేదాకా మిగతావి చూడకుండా దాన్నే చూసేదాన్ని. అదే నా ఆట.

"ఒకసారి, అప్పుడే కాలవలు వదిలారు. ఎర్ర నీళ్లు, గుర్రపుడెక్క కొట్టుకొస్తోంది. నాకు తొమ్మిదేళ్లు. అందరూ పైకొచ్చి చొక్కాలు తొడుక్కుని వెళ్లిపోతున్నారు. ఒక చారల చొక్కా మిగిలిపోయింది. అడిగితే, వాడు ఇంటికెళ్లిపోయుంటాడులే అన్నారు. చొక్కా వదిలేసి ఇంటికెలా వెళ్తాడే? అమ్మ చంపేయదూ? వాడి తల ఆఖరిసారి లాకు గోడ పక్కన చూశాను, అది గుర్తుంది. అక్కడ అక్కడ అని అరిచాను. మీ మావయ్య చొక్కాతోనే దూకేశాడు. గుర్రపుడెక్క వేళ్లలో చిక్కుకుని ఉన్నాడు వాడు. బయటకి లాగి నీళ్లు కక్కించారు. బతికాడు. ఇప్పుడు భీమవరంలో చేపల వ్యాపారం."

"తర్వాత?"

"తర్వాతేముంది, వాళ్లింట్లో మీ మావయ్యకి కొత్త బట్టలు పెట్టారు. మగపిల్లలతో కాలవకి ఎందుకెళ్లావని మా అమ్మ నన్ను కొట్టింది."

అమ్మాయి కాఫీ కప్పు మూత తీసింది, పెట్టింది. "ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

"ఇందులో చెప్పడానికేముందే? గట్టు మీద కూచోడమే కదా."

అది పరాటా మొత్తం తినేసింది. లేస్తూ లేస్తూ, "నెక్స్ట్ సండే ఇద్దరూ చాంగి రండి. మా సార్ బోట్ ఇస్తానన్నారు. ఒక్కసారి చూస్తా. అది చూశాకే, వెళ్దామా క్యాన్సిల్ చేద్దామా అన్నది" అంది.

అదే పరీక్ష అని తెలుసు. వారం రోజులు తాడుకి ముళ్లు వేయడం కుర్చీ కాలికి సాధన చేశాను. మా ఆయన చూపుడువేలు చాపి గోడ మీద బల్లితో సాధన చేశారు.

ఆదివారం గాలి బాగానే ఉంది. పడవ చిన్నది. నలుగురం, అమ్మాయి, దానికి నేర్పిన సార్, మేమిద్దరం. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఆ సార్ చీనా ఆయన, అరవై దాటుంటాయి, ఎక్కువ మాట్లాడరు. అమ్మాయి చుక్కాని నాకిచ్చి కాసేపు నడిపించింది. గాలి ఎటు నుంచి వస్తోందో చెంపకి తెలియాలన్నారు సార్. కళ్లు మూసుకుని చూపించాను. ఒప్పన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు మా ఆయన వెంకటరమణా అన్నారు గానీ, మూల వదిలి కదల్లేదు.

తర్వాత సార్ ఏమీ చెప్పకుండా ఒక పాత లైఫ్ జాకెట్ తీసి నీళ్లలోకి విసిరేశారు. "మ్యాన్ ఓవర్‌బోర్డ్!"

మా ఆయన వేలు చాపబోయారు.

"నాన్నా, నువ్వొద్దు. నువ్వు తాడు పట్టుకో" అంది అమ్మాయి, చుక్కాని అందుకుంటూ. "అమ్మా, నువ్వు చూపించు."

చెయ్యి చాపాను. ఎర్రటి జాకెట్టే, అయినా నాలుగు క్షణాల్లో అల చాటుకి పోయింది. మళ్లీ లేచింది. మళ్లీ పోయింది. దూరంగా పెద్ద ఓడ పోతోంది, దాని అలలు కూడా వచ్చి కలిశాయి. పడవ తిరుగుతోంది. తెరచాప ఫెళ్లున ఇటు నుంచి అటు పడింది, తల వంచమని ఎవరో అరిచారు, వంచాను, కన్ను మాత్రం తీయలేదు. పడవ తిరుగుతున్నకొద్దీ ఈ పక్క నుంచి ఆ పక్కకి కమ్మీలు పట్టుకుని ఒంటిచేత్తో జరిగాను. ఇంకో చెయ్యి చాపే ఉంది. ఒకసారి అది చాలాసేపు కనిపించలేదు. మునిగిన చోటే చూస్తూ ఉన్నాను. లేస్తుందని తెలుసు. లేచింది.

మధ్యలో ఒక్కసారి, కంటి కొసన, అమ్మాయి కనిపించింది. అది నీళ్ల వంక చూడటం లేదు. చుక్కాని పట్టుకుని నా చేతి వంక మాత్రమే చూస్తోంది. నా చెయ్యి ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతోంది. ఇరవై ఏళ్ల కింద లైఫ్‌గార్డు కుర్చీ వంక చూసింది కూడా సరిగ్గా అలాగే.

జాకెట్ పడవ పక్కకి వచ్చింది. మా ఆయన కొక్కెం ఉన్న కర్రతో లాగి పైకి వేశారు. సార్ గడియారం చూసి, తల ఊపి, "ఆంటీ నెవర్ లాస్ట్ ఇట్" అన్నారు.

"సెప్టెంబర్‌కి టికెట్లు బుక్ చేస్తున్నా" అంది అమ్మాయి. "ఫారంలో ఈత రాదని రాస్తా. నేను జాకెట్ విప్పను, నడుముకి తాడుతో పడవకి కట్టుకునే ఉంటా. తాడు రబ్బరు పడవలో నేనే తీసుకెళ్తా, నువ్వు చుక్కాని పట్టుకో. రేవు కట్ట ఉన్న దీవులే ఎక్కువ పెట్టుకుందాం."

నేను ఊ అన్నాను.

"అమ్మా, ఇంక చెయ్యి దించొచ్చు."

అప్పుడు చూసుకున్నాను. చెయ్యి ఇంకా నీళ్ల మీదకే చాపి ఉంది, భుజం లాగేస్తోంది. ఈసారి ఏ భుజమో తెలుసు. పడవలోకి తిరిగి ఒక్కొక్కరినీ చూశాను. చుక్కాని దగ్గర అమ్మాయి, తాడు దగ్గర సార్, మళ్లీ తన మూలన తడిసిపోయి మా ఆయన, నేను. నలుగురం.

అప్పుడు దించాను.